నావికుడి చేతి పలక

చిన్నప్పుడు బడిలో అక్షరాలు దిద్దిన పలక మీకు గుర్తుండే ఉంటుంది. నల్లటి రాతి బిళ్ల, చుట్టూ చెక్క చట్రం. ఈ రోజుల్లో తెరచాప పడవ మీద సముద్రానికి వెళ్లేవాళ్ల చేతిలో ఇంచుమించు అదే కొలతల్లో మరో పలక కనిపిస్తుంది. నల్లటి అద్దం బిళ్ల, చుట్టూ నీళ్లు చొరబడని రబ్బరు తొడుగు. దాన్ని ట్యాబ్లెట్ అంటున్నాం. ఇంగ్లీషులోనూ ఆ మాటకు అసలు అర్థం చిన్న పలక అనే. వేలితో తాకితే నావిక పటం తెరుచుకుంటుంది. పటం మీద చిన్న పడవ బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ ఎక్కడుందో మీ పడవ అక్కడుంది. పడవ కదిలితే బొమ్మా కదులుతుంది.

ఇందులో వింతేముంది, మా వీధిలో ఆటో నడిపే కుర్రవాడి ఫోనులోనూ ఇదే ఉందిగా అంటారేమో. నిజమే. కాని రోడ్డు మీద దారి తప్పితే కిళ్లీకొట్టు దగ్గర ఆగి అడగవచ్చు. సముద్రం మీద ఎవరిని అడుగుతారు? పైగా రోడ్డు మీది గుంత కంటికి కనబడుతుంది. పడవను పగలగొట్టే రాయి నీళ్ల కింద దాగి ఉంటుంది. అందుకని సముద్రం మీద వెళ్లేవాడికి రెండు ప్రశ్నలు ఎప్పుడూ ఉంటాయి. నేనెక్కడున్నాను? నా కింద ఏముంది? ఈ రెండూ ఒకటే ప్రశ్న అనుకుని మోసపోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతికి తర్వాత వద్దాం. ముందు మొదటి ప్రశ్న సంగతి చూద్దాం. ఎందుకంటే హిందూ మహాసముద్రంలో నావికులు ఆ ప్రశ్నకు జవాబు కోసం పలక చేతపట్టడం ఇదే మొదలు కాదు.

నూలుతాడు, చెక్క బిళ్ల

1498 ఏప్రిల్‌లో వాస్కో డ గామా ఆఫ్రికా తూర్పు తీరంలోని మలింది రేవులో ఒక నావికుణ్ని దారి చూపడానికి ఎక్కించుకున్నాడు. అతడు గుజరాతీ ముస్లిం అని పోర్చుగీసు చరిత్రకారుడు జోవావ్ ద బారోస్ రాశాడు. గామా గొప్పగా తన ఆస్ట్రోలేబు తీసి చూపిస్తే అతడేమీ ఆశ్చర్యపోలేదట. ఈ సముద్రంలో తాము మూడు పలకలుండే సాధనం వాడతామని చెప్పి దాన్ని చూపించాడట. ఆ మనిషి సాయంతో గామా ఓడలు నెల తిరగకుండా కాలికట్ దగ్గరకు చేరాయి.

ఆ సాధనాన్ని అరబ్బు నావికులు కమాల్ అన్నారు. తమిళ నావికులు రాప్పలగై అన్నారు. రా అంటే రాత్రి, పలగై అంటే పలక. రాత్రి పలక అన్నమాట. కలకత్తా టంకశాలలో పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్ (బ్రాహ్మీ లిపిని చదివినవాడు ఈయనే) 1836లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో దీన్ని వర్ణించాడు. 1850లో మద్రాసు పత్రికలో కాంగ్రీవ్ అనే సైనికాధికారి కోరమండల్ తీరపు దోనెల నావికులు ఇలాంటి పలకను ఎలా వాడుతున్నారో రాశాడు. అంటే ఆవిరి ఓడలు వచ్చిన తర్వాత కూడా మన తీరంలో అది వాడుకలోనే ఉంది.

దాని తయారీ ఎంత సులభమో చూడండి. చిన్న చెక్క బిళ్ల. నడిమధ్య ఒక చిల్లు. ఆ చిల్లులోంచి ముడులు వేసిన తాడు. ఒక ముడిని పళ్ల మధ్య పట్టుకుని, తాడు బిగుసుకునేదాకా బిళ్లను ముందుకు చాచాలి. బిళ్ల కింది అంచు సముద్రమూ ఆకాశమూ కలిసే గీత మీద ఆనాలి. పై అంచుకు ధ్రువ నక్షత్రం సరిగ్గా తాకిందా? అయితే ఆ ముడి ఏ రేవుదో ఆ రేవు ఎదురుగా మీరున్నారు. నక్షత్రం అంచుకు పైన ఉంటే ఆ రేవుకు ఉత్తరంగా వెళ్లిపోయారు. బిళ్ల చాటున పడిపోతే ఇంకా దక్షిణానే ఉన్నారు.

కారణం మీకు తెలిసిందే. ధ్రువ నక్షత్రం క్షితిజానికి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే మీ అక్షాంశం ఇంచుమించు అంతే. చెన్నై 13 డిగ్రీల 5 నిమిషాలు, మచిలీపట్నం 16 డిగ్రీల 11 నిమిషాలు, విశాఖపట్నం 17 డిగ్రీల 41 నిమిషాలు. మీ బిళ్ల ఎత్తు 12 సెంటీమీటర్లు అనుకోండి. అప్పుడు చెన్నై ముడి బిళ్ల నుంచి 52.3 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. మచిలీపట్నం ముడి 42.2 దగ్గర, విశాఖ ముడి 38.6 దగ్గర పడతాయి. త్రికోణమితి చదివిన పదో తరగతి పిల్లలు ఈ లెక్క వేయగలరు. ఆనాటి తండేలుకు త్రికోణమితి అక్కర్లేదు. రేవులో లంగరు వేసి ఉన్న రాత్రి చుక్కను చూసి ముడి వేసుకుంటే చాలు. ఆ తాడే అతని పటం.

అరబ్బులు ఈ ఎత్తును ఇస్బా అనే కొలతతో లెక్కించేవారు. ఇస్బా అంటే వేలు. చాచిన చేతికి ఒక వేలు మందం ఆకాశంలో కప్పేంత మేర అన్నమాట. అప్పుడూ వేలే, ఇప్పుడు అద్దం మీద తాకేదీ వేలే!

అయితే ఆ పలక ఖచ్చితత్వం ఎంత? పైన చెప్పిన తాడులో మచిలీపట్నం ముడి ఒక్క సెంటీమీటరు అటు జరిగితే ఉత్తర దక్షిణాలుగా 40 కిలోమీటర్ల పొరపాటు వస్తుంది. ఊగుతున్న పడవ మీద, చీకట్లో, మసక మసకగా కనిపించే క్షితిజ రేఖ మీద బిళ్ల ఆనించడం మాటలు కాదు. ఆ సంగతి ఆ నావికులకు మనకంటె బాగా తెలుసు. అందుకే వాళ్లు పలకను పూర్తిగా నమ్మలేదు. నీటి రంగు చూశారు. పక్షులు ఏ పొద్దున ఏ వైపు ఎగురుతున్నాయో చూశారు. సీసపు గుండు తాడుకు కట్టి దించి లోతు కొలిచారు. నీటి పాములు కనిపిస్తే పడమటి తీరం దగ్గర పడిందని గుర్తించే అలవాటు మొదటి శతాబ్దం నాటి పెరిప్లస్ గ్రంథం కాలానికే ఉంది. పలక చెప్పేది ఒక సాక్ష్యం మాత్రమే. మిగతా సాక్షుల్నీ పిలిచి అడిగాకనే తీర్పు.

తూర్పు పడమరల చిక్కు

మీరు గమనించే ఉంటారు. ఈ పలక ఉత్తర దక్షిణాల సంగతే చెబుతుంది. తూర్పు పడమరల సంగతి దానికి తెలియదు. భూమి తూర్పు పడమరలుగా గిర్రున తిరుగుతుంటుంది కనుక ఆ దిశలో నిలకడగా ఉండే చుక్క ఏదీ లేదు. కోరమండల్ నావికుడికి దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. బంగాళాఖాతం దాటి తిరిగి వచ్చేటప్పుడు ముందు తన రేవు అక్షాంశానికి చేరుకుంటాడు. అక్కడి నుంచి పడమటికి తిప్పి, చుక్కను అదే ముడి మీద నిలబెట్టుకుంటూ వస్తే ఎప్పుడో ఒకప్పుడు తీరం తగులుతుంది. కోరంగి దోనెలకు పదహారున్నర పదిహేడు డిగ్రీల మధ్య ఒక ముడి ఉంటే సరిపోయేది. (బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలు అని పిలిచింది ఈ రేవు పేరు మీదనే.)

మహాసముద్రాలు దాటే ఐరోపా ఓడలకు మాత్రం రేఖాంశం తెలియకపోవడం ప్రాణాంతకమైంది. 1707 అక్టోబరులో బ్రిటిష్ నౌకాదళానికి చెందిన 4 ఓడలు సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకుని 1,400 మందికి పైగా చనిపోయారు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌండ్ల దాకా బహుమతి ప్రకటించింది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. బయలుదేరిన ఊళ్లో ఇప్పుడు టైము ఎంతో తెలిస్తే, ఇక్కడి మధ్యాహ్నంతో పోల్చి ఎంత దూరం వచ్చామో లెక్క కట్టవచ్చు. కావలసిందల్లా ఊగే ఓడలో తప్పకుండా నడిచే గడియారం. జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు, తానూ వడ్రంగే, జీవితమంతా ధారపోసి అలాంటి గడియారం చేశాడు. 1761లో జమైకాకు బయలుదేరిన ఓడలో దాన్ని పరీక్షించారు. ఆ కథ చాలామంది రాశారు కనుక ఇక్కడ విస్తరించను.

మన వైపు జరిగినది అంతగా తెలియదు. కోరమండల్ తీరం వెంట ఓడలు పోగొట్టుకుంటున్న ఈస్టిండియా కంపెనీ మైకేల్ టాపింగ్ అనే సర్వేయరును తీరం కొలవడానికి పెట్టుకుంది. అతని పట్టుదల మీదనే 1792లో మద్రాసు నక్షత్రశాల వెలిసింది. ఖగోళం, భూగోళం, నౌకాయానం ఈ మూడింటి అభివృద్ధి కోసమని దాన్ని స్థాపించారు. టాపింగ్ 1796లో మచిలీపట్నంలో మరణించాడు. తర్వాత జాన్ గోల్డింగ్‌హామ్ గురుగ్రహపు చందమామల గ్రహణాలను ఏళ్ల తరబడి చూసి మద్రాసు రేఖాంశాన్ని తేల్చాడు. దక్షిణాదిన పటాలన్నీ ఆ ఒక్క స్థానం నుంచి కొలుచుకుంటూ గీసినవే. అక్కడ పొరపాటుంటే పటమంతా ఆ మేరకు పక్కకు జరిగినట్టే. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

ఆకాశంలో గడియారాలు

1957 అక్టోబరు 4న రష్యన్లు స్పుత్నిక్‌ను వదిలారు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాలలో ఇద్దరు యువకులు దాని బీప్ బీప్ ధ్వనిని వింటూ, రైలు కూత దగ్గరవుతున్నప్పుడు ఒక స్థాయిలో, దూరమవుతున్నప్పుడు మరొక స్థాయిలో వినపడినట్టు, రేడియో సంకేతమూ మారుతోందని గమనించారు. ఆ మార్పుతో స్పుత్నిక్ కక్ష్యను లెక్క కట్టారు. అయితే తిరగేసి కూడా చేయవచ్చు కదా, ఉపగ్రహం ఎక్కడుందో తెలిస్తే వినేవాడు ఎక్కడున్నాడో తేల్చవచ్చు కదా అని వాళ్ల పై అధికారికి తట్టింది. దాని నుంచి పుట్టిన ట్రాన్సిట్ ఉపగ్రహాలు 1964 నుంచి అమెరికా నౌకాదళానికి దారి చూపాయి.

తర్వాత వచ్చిన జీపీఎస్ పూర్తిగా హారిసన్ దారి పట్టింది. అంటే గడియారాల దారి. మొదటి ఉపగ్రహం 1978లో లేచింది. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఒక్కొక్క ఉపగ్రహంలో అణు గడియారాలుంటాయి. ఉపగ్రహం ఎడతెగకుండా 'ఇప్పుడు టైము ఇంత, నేను ఇక్కడున్నాను' అని చెబుతుంటుంది. ఆ మాట మీ చేతి పలకకు చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యమైందో తెలిస్తే ఎంత దూరమో తెలుస్తుంది. నాలుగు ఉపగ్రహాలు వినపడితే అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఖచ్చితమైన కాలం నాలుగూ తేలతాయి. సెకనులో వందకోట్లో వంతు తేడా వస్తే 30 సెంటీమీటర్ల పొరపాటు వస్తుంది. ఐన్‌స్టీన్ చెప్పినట్టు అంత ఎత్తున, అంత వేగంతో తిరిగే గడియారం రోజుకు సెకనులో లక్షలో 3.8 వంతులు ముందుకు నడుస్తుంది. దాన్ని సరిదిద్దకపోతే ఒక్క రోజులోనే లెక్క కిలోమీటర్ల మేర తప్పిపోతుంది.

సైన్యం కోసం పుట్టిన ఈ వ్యవస్థ మనదాకా రావడానికి ఒక విషాదం కారణమైంది. 1983 సెప్టెంబరు 1న దారి తప్పిన కొరియా విమానాన్ని సోవియట్ యుద్ధ విమానం కూల్చివేసింది. 269 మంది చనిపోయారు. ఆ నెలలోనే అమెరికా అధ్యక్షుడు రీగన్ జీపీఎస్‌ను పౌర వాడకానికి ఉచితంగా ఇస్తామని ప్రకటించాడు. ఇచ్చారు కాని కావాలనే 100 మీటర్ల దాకా మసక కలిపి ఇచ్చారు. ఆ మసకను 2000 మే 1 అర్ధరాత్రి తీసేశారు. ఇప్పుడు ఆకాశం కనబడే చోట మామూలు ఫోను కూడా 5 మీటర్ల లోపు చెప్పగలుగుతోంది.

భారతదేశం 2013 నుంచి 2016 దాకా శ్రీహరికోట నుంచి 7 ఉపగ్రహాలను పంపి సొంత వ్యవస్థ నావిక్‌ను నిలబెట్టింది. దానికి ఎదురైన చిక్కు ఏమిటో ఊహించండి. గడియారాలే! మొదటి ఉపగ్రహంలో ఉన్న 3 అణు గడియారాలూ చెడిపోయాయి. 2023 మే 29న వెళ్లిన ఉపగ్రహంలో మన దేశంలో తయారైన రుబీడియం గడియారాన్ని పెట్టారు. హారిసన్ ఉంటే ఈ తిప్పలు చూసి నవ్వుకునేవాడు.

బల్ల దగ్గర నుంచి చేతిలోకి

2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ అమ్మకానికి వచ్చింది. అంతకు ముందు తెరచాప పడవలో పటం ఉండే చోటు లోపలి బల్ల. నావికుడు కిందికి దిగి, కాగితం పటం మీద పెన్సిలుతో గీత గీసి, మళ్లీ పైకి వచ్చి చుక్కాని పట్టుకునేవాడు. పటాన్ని తెర మీద చూపే ప్రత్యేక పరికరాలు అప్పటికే ఉన్నాయి కాని వాటి ధర ఎక్కువ. ట్యాబ్లెట్ రావడంతో పటం చుక్కాని పట్టినవాడి ఒళ్లోకే వచ్చింది. పడవలోని గాలి కొలిచే సాధనం, లోతు కొలిచే సాధనం చెప్పే అంకెలు కూడా వైఫై ద్వారా అదే తెర మీదికి వస్తాయి. చుట్టుపక్కల వెళ్లే పెద్ద ఓడలు తమ పేరూ వేగమూ దిశా రేడియోలో చాటుకుంటుంటాయి. తగిన రిసీవరు పడవలో ఉంటే అవీ పటం మీద కనిపిస్తాయి. రాత్రి కాపలాలో ఒంటరిగా కూర్చున్నవాడికి ఇది ఎంత ధైర్యమో చెప్పనలవి కాదు. పాతకాలమే మేలు అనేవాళ్ల పక్షాన నేను లేను.

కొనేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదు. సిమ్ పెట్టుకునే రకంలోనే ఉంటుంది. అందులో సిమ్ వేయకపోయినా, సెల్ టవర్ అందకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఎందుకంటే అది వినేది ఆకాశం నుంచి. పటం మాత్రం రేవు వదలకముందే దించుకుని ఉంచుకోవాలి. నడిసముద్రంలో పటం లేకపోతే తెర మీద నీలం రంగు మీద పడవ బొమ్మ ఒక్కటే మిగులుతుంది.

వంట గదిలో ఎండు కొబ్బరి చిప్పలా మాడే మన ఎండలకు ఈ అద్దం పలక ఓర్చదు. 35 డిగ్రీల లోపు వాడమని ఐప్యాడ్ తయారీదారులే చెబుతారు. ఎండలో కాసేపు ఉంచితే వేడెక్కి తెర ఆరిపోతుంది. ఉప్పు నీటి చుక్క పడితే దాన్నీ వేలే అనుకుని పటాన్ని ఎటో లాగేస్తుంది. ఉరుములు మెరుపులు వస్తున్నప్పుడు అదనపు ఫోనునో ట్యాబ్లెట్‌నో ఇనుప పొయ్యి అరలో దాచిపెట్టే అలవాటు నావికుల్లో ఉంది. అది మూఢ నమ్మకం కాదు. పిడుగు విద్యుత్తు లోహపు పెట్టె పైతలం మీదుగా పోతుంది కాని లోపలికి రాదని ఫారడే చూపించాడు. కొబ్బరి చెక్క రాప్పలగైకి ఈ బాధలేమీ లేవు, నిజమే. కాని ఇవన్నీ చిన్న చిక్కులు. రెండో పలకను, పవర్ బ్యాంకును తీసుకెళ్తే తీరిపోతాయి. పెద్ద చిక్కు వేరే ఉంది.

బొమ్మ సరే, పటం మాటేమిటి?

తెర మీది పడవ బొమ్మ 5 మీటర్ల తేడాలో నిజం చెబుతోంది. మరి ఆ బొమ్మ కింద పరిచిన పటం?

మద్రాసు రేఖాంశం గురించి గుర్తుంచుకోమన్నాను కదా. పాత పటాలు భూమి ఆకారాన్ని ఒక విధంగా ఊహించి, ఒక చోటును మొదలుగా పెట్టుకుని గీసినవి. మన దేశంలో అది 1830 నాటి ఎవరెస్ట్ కొలత. జీపీఎస్ వాడేది భూమి కేంద్రం నుంచి కొలిచే వేరొక ఆకారం. ఒకే చోటుకు ఈ రెండూ చెప్పే అంకెలు కలవవు. మన వైపు తేడా 100 మీటర్లకు మించుతుంది. జీపీఎస్ అంకెల్ని సరిదిద్దకుండా పాత పటం మీద గుర్తు పెడితే రేవు నోట్లోకి వెళ్తున్న పడవ ఒడ్డు ఎక్కినట్టు కనిపించవచ్చు. పాత నావికుడికి ఈ తేడాతో పనిలేదు. అతని పలక పొరపాటే కిలోమీటర్లలో ఉండేది. పొరపాటు చిన్నదయ్యాక పటం పొరపాటు బయటపడింది.

లోతుల సంగతి ఇంకా చిక్కు. ఇప్పటికీ చాలా సముద్రాల మీది పటాల్లో ఉన్న లోతులు ఒకప్పుడు ఎవరో సీసపు గుండు దించి చూసినవి. గుండు దిగిన చోట లోతు నిజం. ఆ చోటికీ పక్క చోటికీ మధ్య ఏముందో చూసినవాడు లేడు. పటం మీద అది తెల్లగా, నున్నగా ఉంటుంది. దాన్నే కంప్యూటరులోకి ఎక్కిస్తే నిన్న కొలిచినంత కొత్తగా మెరుస్తుంది.

సముద్రపు అడుగు కూడా కుదురుగా ఉండదు. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్‌ను చూడండి. 16 కిలోమీటర్ల పొడవున్న ఆ ఇసుక దిబ్బ గోదావరి తెచ్చిన ఒండ్రుతో సుమారు గత 200 ఏళ్లలో పెరిగినది. ఓడలు కట్టిన కోరంగి రేవు అదే ఒండ్రుతో పూడుకుపోయింది. గోదావరి ముఖం దగ్గర పటం మీద తారీఖు చూడకుండా పడవ నడపడం పాత పంచాంగం చూసి పెళ్లి ముహూర్తం పెట్టడం లాంటిది.

2014 నవంబరు 29

ఇప్పుడు ఆ మోసపోయినవాళ్ల సంగతి. ఓల్వో ఓషన్ రేస్ అనే ప్రపంచ తెరచాప పందెంలో రెండో అంచె కేప్‌టౌన్ నుంచి అబూదాబీకి. అందులో వెస్తాస్ విండ్ అనే 65 అడుగుల పడవ. 9 మంది మనుషులు. వాళ్లు కొత్తవాళ్లు కారు, ఎన్నో సముద్రాలు చూసినవాళ్లు. జీపీఎస్ లోపం లేదు. తాము ఎక్కడున్నదీ వాళ్లకు క్షణక్షణం మీటర్లలో తెలుసు.

మారిషస్‌కు ఈశాన్యంగా 400 కిలోమీటర్లకు పైన కార్గడోస్ కరజోస్ అనే పగడపు దిబ్బల వరుస ఉంది. పదుల కిలోమీటర్ల పొడవు. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలోనే పేరు పెట్టిన దిబ్బలవి. తుఫాను కారణంగా పందెం నిర్వాహకులు వెళ్లకూడని ప్రాంతపు హద్దుల్ని మార్చారు. దానితో దారి మారింది. కొత్త దారిని కంప్యూటరు తెర మీద చూసుకున్నప్పుడు ఆ చోట లోతు సుమారు 40 మీటర్లు ఉందనుకున్నారు. ఆ పడవకు అంత లోతు బోలెడు. చీకటి పడ్డాక 19 నాట్ల వేగంతో, అంటే గంటకు 35 కిలోమీటర్ల వేగంతో, పడవ నేరుగా దిబ్బ ఎక్కింది.

పటంలో దిబ్బ లేదా అంటే, ఉంది. తెర మీది పటాన్ని బాగా దగ్గరకు లాగి చూస్తే కనిపించేది. దూరం నుంచి చూస్తే మాయమయ్యేది. ఇది ల్యాప్‌టాప్ తెర మీద జరిగింది కాని ట్యాబ్లెట్ పటమూ ఇలాగే పనిచేస్తుంది. చిన్న తెర మీద అన్ని వివరాలూ ఒక్కసారే చూపితే చీమలు పాకినట్టుంటుంది కనుక దూరం జరిగే కొద్దీ కొన్నింటిని దాచేస్తుంది. ఏది దాచాలో ముందే రాసి పెట్టిన నియమాలు చెబుతాయి. కాగితం పటం గీసే పాతకాలపు మనిషికి కూడా చోటు చాలదు. కాని అతడు ఒక ఊరి పేరు వదిలేస్తాడేమో గాని దిబ్బను వదలడు. కొలతకు మించి పెద్దదిగానైనా ఒక గుర్తు పెడతాడు. అట్లాసులో మీ ఊరు లేకపోతే మీకు చిన్నతనం అనిపిస్తుంది, అంతే. దిబ్బ లేకపోతే ప్రాణం పోతుంది.

ప్రాణాలు పోలేదు. తోటి పందెంగాళ్ల పడవ ఒకటి వెనక్కి తిరిగి వచ్చి రాత్రంతా దగ్గర్లో కాచుకుంది. అలలు పడవను దిబ్బ మీద కొడుతుంటే 9 మందీ నీళ్లలోకి దిగి, ఒకరినొకరు పట్టుకుని మెరకకు నడిచి వెళ్లారు. తెల్లవారాక దగ్గరి దీవిలోని తీర రక్షకుల పడవ వాళ్లను చేర్చింది. తప్పు తనదేనని దారి చూసే బాధ్యత ఉన్న నావికుడు దాచకుండా ఒప్పుకున్నాడు. విచారణ చేసినవాళ్లు మాత్రం పటం చూపే తీరులోనూ లోపముందని రాశారు. నాకూ అదే న్యాయంగా తోస్తుంది. దాచిపెట్టే పలకను పట్టుకుని, ఎందుకు చూడలేదని మనిషినొక్కణ్నే నిందించడం ఎంతవరకు సబబు? అయినా దారి గీసుకున్నాక ఆ గీత పొడవునా పటాన్ని దగ్గరకు లాగి, వేలు కదుపుతూ చివరిదాకా చూడడానికి పట్టేది అరగంట.

పలక మూసిన రోజు

2017 జూన్‌లో నల్ల సముద్రంలో నొవొరొసీస్క్ రేవు దగ్గర ఒక ఓడ కెప్టెన్ తన జీపీఎస్ చూసి అదిరిపోయాడు. ఓడ 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఒక విమానాశ్రయంలో ఉందని అది చెబుతోంది! చుట్టుపక్కల కనీసం 20 ఓడలకు అదే జవాబు వచ్చింది. ఎవరో దొంగ సంకేతాలు పంపారన్నమాట. 20,200 కిలోమీటర్ల నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది. దగ్గర నుంచి ఎవరైనా గట్టిగా అరిస్తే అది వినపడదు. ఇలాంటి భయాల మధ్యనే అమెరికా నౌకాదళ అకాడమీ మానేసిన నక్షత్ర నౌకాయాన పాఠాన్ని 2015లో మళ్లీ మొదలుపెట్టింది.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు ప్రపంచం చుట్టి రావడానికి బయలుదేరారు. విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య అందులో ఉన్నారు. 2018 మే 21న తిరిగి గోవా చేరారు. వాళ్లకు ఉపగ్రహాల తోడుంది. ఆ ఏడాదే అభిలాష్ టామీ ఆ తోడు లేకుండా వెళ్లాడు. గోల్డెన్ గ్లోబ్ పందెం నియమం ప్రకారం జీపీఎస్ వాడకూడదు. సెక్స్టెంటు, కాగితం పటం, గడియారం, అంతే. ఆపద వస్తే తప్ప తెరవకూడని సీలు వేసిన పెట్టెలో ఒక జీపీఎస్ ఉంటుంది. 2018 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు అతని పడవ కొయ్యలు విరిగాయి. వెన్ను దెబ్బతిని కదలలేని స్థితిలో ఉన్న అతన్ని 3 రోజుల తర్వాత ఫ్రెంచి ఓడ ఒకటి కాపాడింది. ఎక్కడున్నాడో వెతికేవాళ్లకు తెలిసింది ఉపగ్రహాల వల్లనే. 2022లో అతడు మళ్లీ అదే పందానికి వెళ్లాడు. 236 రోజుల తర్వాత రెండో స్థానంలో ఒడ్డు చేరాడు. చుక్కల్ని, సూర్యుణ్ని చూసి, కాగితం మీద లెక్క వేసుకుంటూ.

తెరచాప పడవల వాళ్లలో చాలామంది పట్టే దారి ఈ రెండింటికీ మధ్యది. ట్యాబ్లెట్ చూస్తూనే వెళ్తారు. గంటకొకసారి అక్షాంశం, రేఖాంశం, వేగం, దిశ ఒక మామూలు నోటుబుక్కులో పెన్సిలుతో రాస్తారు. పలక ఆరిపోయినా, అబద్ధం చెప్పినా చివరి గంట ముందు ఎక్కడున్నారో చేతిలో ఉంటుంది. అక్కడి నుంచి లెక్క మొదలు పెట్టవచ్చు.

మీరు సముద్రం మీదికి వెళ్లకపోయినా పాత పలకను చేసి చూడవచ్చు. 12 సెంటీమీటర్ల ఎత్తున్న అట్టముక్క తీసుకోండి. నడుమ చిల్లు పెట్టి నూలుతాడు కట్టండి. మబ్బులేని రాత్రి చదునైన డాబా మీదో మైదానంలోనో నిలబడి, ఉత్తరం వైపు కాస్త దూరంగా ఒక కర్ర నిలబెట్టి, సరిగ్గా మీ కంటి ఎత్తులో దానికి తెల్ల గుడ్డ పీలిక కట్టండి. అదే మీ క్షితిజ రేఖ. తాడు పళ్ల మధ్య పట్టుకుని, అట్ట కింది అంచు గుడ్డ మీద, పై అంచు ధ్రువ నక్షత్రం మీద ఆనేదాకా అటూ ఇటూ జరపండి. పళ్ల దగ్గర ముడి వేయండి. ఇప్పుడు తాడు కొలిచి, 6ను ఆ పొడవుతో భాగించండి. వచ్చినది ఏ కోణపు టాంజెంటో చూసి ఆ కోణాన్ని రెట్టింపు చేయండి. అది మీ ఊరి అక్షాంశం. ఆ తర్వాతే ఫోను తెరిచి అది చెప్పే అంకె చూడండి. రెండింటికీ ఎన్ని డిగ్రీల తేడా వచ్చిందో దాన్ని 111తో హెచ్చిస్తే మీరు ఎన్ని కిలోమీటర్లు తప్పారో తెలుస్తుంది. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి ఈనాడు ముప్పాతిక డిగ్రీ కంటె తక్కువ దూరంలో ఉంది కనుక 70 కిలోమీటర్ల దాకా తప్పు దానిదే కావచ్చు. మిగిలినది మీ చేతిది.